తిండికి మారాం చేసే కుక్కను ఎవరు తయారు చేస్తారు?

"మల్లి ఏం తినడం లేదో తర్వాత చెబుదురు గాని, ఏం తింటోందో ఒక రోజంతా కాగితం మీద రాసి తీసుకురండమ్మా" అని డాక్టరుగారు అన్నప్పుడు నా మనసు నొచ్చుకుంది. మల్లి మా ఇంటి స్పిట్జ్ కుక్క. మా విజయవాడలో అందరూ పొమేరియన్ అని పిలిచే తెల్లని జాతి. 2018 వేసవి నాటికి దానికి రెండేళ్లు నిండాయి. అప్పటికి రెండు నెలలుగా అది డాగ్ ఫుడ్ గిన్నె దగ్గరకు రావడం, ఒకసారి వాసన చూడడం, తల తిప్పుకుని వెళ్లి గుమ్మం పక్కన పడుకోవడం మాకు రోజూ కనబడే దృశ్యమైపోయింది. రకాలు మార్చాము, కోడి మాంసం రుచి వదిలి గొర్రె మాంసం రుచికి వెళ్లాము, ఆ డాగ్ ఫుడ్ గింజల మీద నెయ్యి వేశాము, చికెన్ ఉడికించిన నీళ్లు పోశాము. ఏదీ నాలుగు రోజులకు మించి పనిచేయలేదు. పస్తులుంటున్న మూగజీవిని ఎత్తుకుని వెళ్తే, తిన్నదాని లెక్క అడుగుతున్నారేమిటని బాధ కలిగింది.

అయినా మరునాడు వంటింటి అలమర తలుపుకు ఒక కాగితం అంటించి, ఇంట్లో నలుగురం ఎవరు ఏం పెడితే అది రాశాము. పొద్దున్నే మా అత్తయ్య తాను కాఫీ తాగుతూ దానికి పోసే పాలు 100 మిల్లీలీటర్లు, ఆ పాలలో ముంచి పెట్టినవి, సాయంత్రం మళ్లీ పెట్టినవి కలిపి గ్లూకోజ్ బిస్కెట్లు 6, మా అబ్బాయి పళ్లెంలోంచి వెళ్లిన ఇడ్లీ 1, మధ్యాహ్నం గింజలు ముట్టలేదని ఉడికించిన గుడ్డు 1, గింజల మీద వేసిన చెంచాడు నెయ్యి (అది మటుకు నాకేసి గింజలు వదిలేసింది), రాత్రి మావారు కూర్చోబెట్టి చేత్తో తినిపించిన చికెన్ 60 గ్రాములు. ఇవన్నీ కూడితే సుమారు 480 కిలో క్యాలరీలు తేలాయి. కుక్క బరువును కిలోల్లో తీసుకుని 30తో గుణించి 70 కలిపితే, అది కదలకుండా పడుకున్నా రోజుకు ఎంత శక్తి కావాలో తెలుస్తుందని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఇంట్లో మామూలుగా తిరిగే కుక్కకు దానికి 1.6 రెట్లు సరిపోతుందని డాక్టరుగారు అదే కాగితం వెనుక లెక్క వేసి చూపించారు. మల్లి ఉండవలసిన బరువు 7 కిలోలు. కాబట్టి 280, దానికి 1.6 రెట్లంటే 448. ఆ రోజు మా మల్లి తన అవసరానికి మించి తిన్నది. తూకం మీద నిలబెడితే 7.8 కిలోలు ఉంది. మేము ఆకలితో మాడుతోందని కుమిలిపోయిన కుక్క నిజానికి కొవ్వు పట్టి ఉంది.

ఆ కాగితం నాకు నేర్పిన సంగతిని ఇన్నేళ్లుగా తెలిసినవారందరికీ చెబుతూనే ఉన్నాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తిండికి మారాం చేసే కుక్క పుట్టుకతో అలా ఉండడం చాలా అరుదు. చాలా ఇళ్లలో ఆ అలవాటును మనమే, ప్రేమతోనే, రోజుకు రెండు పూటలా పాఠం చెప్పినట్లు నేర్పుతున్నాము. ఆ మాట ఒప్పుకోనంత కాలం ఎన్ని రకాల తిండి మార్చినా ఫలితం ఉండదు.

ఆ పాఠం ఎలా సాగుతుందో చూడండి. గిన్నె పెడతాము, కుక్క తినదు. ఐదు నిమిషాలు ఆగి నెయ్యి వేస్తాము. నెయ్యి నాకి వదిలేస్తే గుడ్డు తెస్తాము. గుడ్డు సగంలో ఆపితే పక్కన కూర్చుని, బుజ్జగించి, నోటికి అందిస్తాము. కుక్క వైపు నుంచి చూస్తే, తల తిప్పుకున్న ప్రతిసారీ ముందున్న దానికన్నా రుచిగలది వచ్చింది. పైగా ఇల్లంతా వచ్చి చుట్టూ కూర్చుంది. ఇందులో దాని కపటం ఏమీ లేదు. ఏ పని చేస్తే మేలు కలుగుతుందో ఆ పనిని ప్రాణి మళ్లీ చేస్తుంది, అంతే. మేము మధ్యలో గట్టిగా ఉందామని ప్రయత్నించకపోలేదు. రెండు పూటలు బిగబట్టుకుని మూడో పూటకు కరిగిపోయేవాళ్లము. అది అన్నిటికన్నా పెద్ద పొరపాటని తర్వాత తెలిసింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకల మీద, పావురాల మీద చేసిన ప్రయోగాలలో, ప్రతిసారీ దొరికే బహుమతి కన్నా ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతే అలవాటును గట్టిగా పాతుకుపోయేలా చేస్తుందని తేలింది. మూడో పూట కరిగిపోయే ఇంట్లో కుక్క నేర్చుకునేది మూడు పూటలు ఆగడం.

ఇక్కడ మన ఇళ్ల పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. మనకు అన్నం పెట్టడమంటే కొసరి కొసరి పెట్టడమే. వచ్చిన చుట్టం చాలంటే ఆ మాటను అక్షరాలా తీసుకోము. మొహమాటపడుతున్నారని ఇంకో గరిటె వేస్తాము. పసిపిల్లవాడు మూతి ముడిస్తే చందమామను చూపించి ఇంకొక్క ముద్ద అంటాము. ఈ ఆప్యాయతలో పెరిగినదాన్ని కనుక దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను. అయితే చుట్టం వద్దన్నప్పుడు దాని వెనుక మర్యాద ఉంటుంది, మళ్లీ అడుగుతారన్న ఎదురుచూపు ఉంటుంది. కుక్క వద్దంటే వద్దనే అర్థం: కడుపు నిండింది, లేదా ఇంతకన్నా మంచిది వస్తుందని తెలుసు, లేదా ఒంట్లో బాగాలేదు. ఈ మూడింటిలో ఏదో తెలుసుకోకుండా కొసరి పెట్టడం వల్ల మూడు సందర్భాలలోనూ దానికి హానే జరుగుతుంది.

కుక్కకు రుచుల వైవిధ్యం కావాలని, రోజూ అదే తింటే విసుగెత్తుతుందని చాలామంది నాతో అంటారు. కొత్త తిండి పెడితే కుక్క ఉత్సాహంగా తింటుందన్నది నిజమే. మాకు కూడా ప్రతి కొత్త సంచీ నాలుగు రోజులు పనిచేసింది ఆ కొత్తదనం వల్లనే. కానీ ఆ ఉత్సాహాన్ని అవసరమని అనుకోవడం దగ్గర మనం పొరబడుతున్నాము. మనిషి నాలుక మీద సుమారు 9,000 రుచి మొగ్గలుంటే కుక్కకు 1,700 దాకా ఉంటాయి. దానికి తిండి ముఖ్యంగా ముక్కుకు సంబంధించిన వ్యవహారం. అందుకే గింజల మీద రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు చల్లి వాసన లేచేటట్లు చేస్తే, నెయ్యి చేయలేని పని అది చేస్తుంది. అందుకే నిల్వ కూడా ముఖ్యం. కోస్తా ఉక్కపోతలో సంచీ మూతి తెరిచి ఉంచితే గింజల పైనున్న కొవ్వు గాలి తగిలి చెడిపోతుంది. మనకు తెలియని ఆ వాసన కుక్కకు ముందే తెలుస్తుంది. మేము పాత బియ్యం డబ్బాలో గింజలు పోసి, అడుగున మిగిలిన వాటి మీదనే కొత్తవి పోస్తూ వచ్చాము. మల్లి ఆ డబ్బా గింజలను కాదనడంలో కొంత న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. దుకాణంలో కిలోల లెక్కన విడిగా తూచి ఇచ్చే గింజలు ఎప్పుడు తెరిచిన సంచీలోవో కొనేవారికి తెలియదు కాబట్టి వాటిని కొనడం పూర్తిగా మానేశాము. చిన్న సంచీ కొని, ఆ సంచీతో సహా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడుతున్నాము.

ఆకలి రుచెరుగదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ ఆకలి ఎప్పుడు పుట్టాలో శరీరానికి అలవాటు చేయవచ్చు. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకే. ఆహారం కడుపులోకి చేరకముందే, దాన్ని చూడడంతోనూ వాసనతోనూ కుక్క కడుపులో జీర్ణరసం ఊరడం మొదలవుతుందని ఆయన చూపించారు. రోజంతా గిన్నె నిండా గింజలు పడి ఉండే ఇంట్లో ఆ ఎదురుచూపుకు చోటే లేదు. మా ఇంట్లో గిన్నె పొద్దున్నుంచి రాత్రి దాకా అలాగే ఉండేది, ఎప్పుడైనా బుద్ధి పుడితే తింటుందని. అది మేము చేసిన రెండో పెద్ద తప్పు.

పక్కింటి లాబ్రడార్‌తో పోల్చుకుని బాధపడడం మూడోది. ఆ కుక్క గిన్నె ఖాళీ చేసి, గిన్నెను కూడా నాకుతూ వరండా అంతా తోసుకుపోయేది. మా అత్తయ్య దాన్ని చూసినప్పుడల్లా, అదీ కుక్కంటే అని నిట్టూర్చేవారు. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక లోపం ఉందని, కడుపు నిండిన సంకేతం వాటి మెదడుకు సరిగా అందదని కనుగొన్నారు. ఎప్పుడూ తింటానికి సిద్ధంగా ఉండే కుక్కను ఆరోగ్యానికి కొలబద్దగా పెట్టుకోకూడదు. పైగా 2002లో వెలువడిన ఒక సుదీర్ఘ పరిశోధనలో 48 లాబ్రడార్లను జీవితకాలమంతా గమనించారు. వాటిని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. అలా తక్కువ తిన్నవి సగటున 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. మితంగా తినే కుక్కను చూసి జాలిపడే అలవాటును ఈ ఒక్క సంగతి నాలో పోగొట్టింది. గిన్నెలో ఎంత మిగిలిందన్నది చూడడం మాని, పక్కటెముకల మీద వేళ్లు ఆనించి చూడడం నేర్చుకున్నాను. ఎముకలు కంటికి పొడుచుకుని కనబడకుండా, వేళ్లకు తేలిగ్గా తగులుతూ ఉంటే కుక్క సరైన బరువులో ఉన్నట్లు.

మేము పాటించిన పద్ధతి చాలా సాదాది. ఉదయం 7 గంటలకు, రాత్రి 8 గంటలకు కొలిచిన గింజలు గోరువెచ్చని నీళ్లు చల్లి పెట్టడం, 15 నిమిషాలకు తిన్నా తినకపోయినా మారు మాట లేకుండా గిన్నె తీసేయడం, మళ్లీ వేళ వరకు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకపోవడం, ఆ సమయంలో ఎవరూ దగ్గర కూర్చుని బతిమాలకపోవడం. పద్ధతి కన్నా దాన్ని నలుగురూ పాటించడం కష్టమైంది. మొదటి రోజు మల్లి ఏమీ తినలేదు. రెండో రోజు ఉదయం కూడా గిన్నె అలాగే తీసేశాను. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుని, "నోరు లేని దాన్ని మాడ్చి ఏం బావుకుంటావే, నా వాటా బిస్కెట్టు దానికి పెడితే మీకేం పోయింది?" అన్నారు. "ఈ ఒక్క రోజు ఆగండి అత్తయ్యా, రేపు కూడా తినకపోతే డాక్టరుగారి దగ్గరకే తీసుకువెళ్దాం" అని బతిమాలుకున్నాను. ఆమె అన్న మాటలో తప్పు లేదు, ఆమెకు వచ్చిన ప్రేమ భాష అది. ఆ రాత్రి మల్లి సగం తిన్నది. మూడో రోజు రాత్రికి గిన్నె ఖాళీ అయింది. రెండు వారాలకు నేను గింజలు కొలిచే చప్పుడు వినగానే వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడడం మొదలుపెట్టింది. అత్తయ్య బిస్కెట్టును మేము పూర్తిగా తీసేయలేదు. చిరుతిండి రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదన్న నియమం ప్రకారం, గిన్నె ఖాళీ అయిన తర్వాత ఒకే ఒక్కటి ఆమె చేతి మీదుగా ఇప్పించాము.

ఇంతవరకు రాసి ఆపితే నేను నిజం సగమే చెప్పినట్లవుతుంది, ఆ సగం వల్ల ఎవరి కుక్కకైనా ప్రాణం మీదికి రావచ్చు. 2020 వానాకాలంలో మల్లి మళ్లీ గిన్నె వదిలేసింది. అప్పటికి రెండేళ్లుగా పద్ధతి చక్కగా నడుస్తోంది, నాకు దాని మీద అంతులేని నమ్మకం. గిన్నె తీసేశాను. రాత్రి కూడా తినలేదు, తీసేశాను. మరునాడు అత్తయ్య నాకు చెప్పకుండా బిస్కెట్టు అందిస్తే అది కూడా వద్దని తల పక్కకు పెట్టుకున్నదట. ఆమె ఆ సంగతి చెప్పినప్పుడు, మళ్లీ పాత మారాం మొదలైందని నేనే కొట్టిపారేశాను. మూడో రోజు పొద్దున దాని పొట్ట మీద బొచ్చు పలచగా ఉన్న చోట సూదిమొనలంత ఎర్రటి చుక్కలు కనిపించాయి, చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీషియా జ్వరం, మనవాళ్లు టిక్ ఫీవర్ అనేది. గోధుమరంగు కుక్క పిడుదు కాటుతో వ్యాపించే ఈ జబ్బు మన వేడి ప్రాంతాలలో చాలా మామూలు. తిండి మానేయడం దాని తొలి లక్షణాలలో ఒకటి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు 28 రోజులు వాడవలసి వచ్చింది. మల్లి బతికింది. ఆ రెండు రోజులు నేను తీసేసిన గిన్నెలు మాత్రం నా మనసులోంచి పోలేదు.

కాబట్టి గిన్నె తీసేసే హక్కు మనకు ఎప్పుడు వస్తుందన్నదే అసలు ప్రశ్నని ఇప్పుడు అనుకుంటున్నాను. నెలల తరబడి గింజలు వద్దంటూ చికెన్ ముక్కకు మటుకు ఎగిరి గంతేసే కుక్క, పరుగెత్తుతూ, ఆడుతూ, బరువు నిలుపుకుంటున్న కుక్క మారాం చేస్తోందని అనుకోవచ్చు. రోజూ తినే కుక్క హఠాత్తుగా మానేస్తే, ఎంతో ఇష్టపడే పదార్థాన్ని కూడా కాదంటే, అది మారాం అయ్యే అవకాశం చాలా తక్కువ. వీటి మధ్య ఇంకో రకం ఉంది, దాన్ని కనిపెట్టడం కష్టం: గిన్నె దగ్గరకు ఆత్రంగా వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుని వెనక్కి తగ్గుతుంది. దానికి తినాలని ఉంది, తినలేకపోతోంది. పంటి నొప్పి, వికారం, మూత్రపిండాల జబ్బు ఇలా బయటపడవచ్చు. ఒకవైపునే నమలడం, నోట్లోంచి గింజలు జారిపోవడం, మెత్తనిది తింటూ గట్టిది వదలడం పంటికి సంబంధించిన గుర్తులు. ఎదిగిన కుక్క ఒక రోజు పూర్తిగా ఏమీ ముట్టకపోతే, ఆ రోజు వాంతులు, విరేచనాలు, జ్వరం, నీరసం ఏదైనా తోడైతే, నేను ఇక ఆగను. చిన్న జాతి కుక్కపిల్లలకు, ఇన్సులిన్ తీసుకునే కుక్కలకు ఈ గిన్నె తీసేసే పద్ధతి అసలు వర్తించదు. పిల్లలకు కొన్ని గంటల పస్తుతోనే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

జబ్బు రోజుల్లో మా ఇంటి నియమాలన్నీ పక్కన పెట్టాము. మల్లికి అత్తయ్యే చేత్తో తినిపించారు: ఉడికించిన కోడి మాంసం మెత్తగా నలిపి, జావలా కాచిన అన్నంతో కలిపి, గోరుముద్దలు చేసి, గంటకోసారి రెండేసి. రెండేళ్ల క్రితం నేను మాన్పించిన చేయే అప్పుడు దానికి ఔషధమైంది. మాత్రను మాత్రం ఆ ముద్దలో దాచి పెట్టవద్దని డాక్టరుగారు ముందే హెచ్చరించారు; ఆ మందు కడుపులో తిప్పుతుంది, ఆ బాధను కుక్క ముద్ద వాసనతో ముడిపెట్టుకుంటే కోలుకున్న తర్వాత కూడా దాన్ని తినదు. పాలు, పెరుగు ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి కాబట్టి వాటినీ దూరం పెట్టాము. బలం వచ్చాక చేతి ముద్దల నుంచి గిన్నెకు మళ్లించడానికి మూడు వారాలు పట్టింది: మొదట చేయి గిన్నెలో పెట్టి, తర్వాత గిన్నె పక్కన పెట్టి, ఆ తర్వాత చేయి తీసేసి.

పెరుగన్నం సంగతి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తరతరాలుగా మన ఇళ్ల కుక్కలు దాని మీదనే పెరిగాయి. 2013లో జరిగిన జన్యు పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు ప్రతులు తోడేలుకు రెండే ఉండగా కుక్కలో 4 నుంచి 30 వరకు ఉంటాయి. మనిషి తిండి పక్కన బతికి బతికి అది అన్నం తినగల జీవి అయింది. కానీ అన్నంలో మాంసకృత్తులు తక్కువ, పెరుగన్నం ఒక్కటే పెడితే ఇతర పోషకాలూ చాలవు. ఇంటి తిండే పెట్టదలిస్తే గుడ్డు, మాంసం, కాల్షియం కొలత పశువైద్యునితో కూర్చుని రాయించుకోవాలి. మారాం చేస్తోందని మన కూర కలిపి పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ద్రాక్ష, పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముక చీలి పేగులకు గుచ్చుకుంటుంది.

మల్లికి ఇప్పుడు వయసు మీద పడింది. మే నెల ఎండల్లో అది పగలు తినదు, తినమని అడగము. ఉదయం గిన్నెను 5 గంటలకు జరిపాము, రాత్రిది నేల చల్లబడ్డాక 9 గంటలకు పెడుతున్నాము. కాగితం ఇంకా అలమర తలుపు మీదే ఉంది, నెలకోసారి బరువు కూడా అందులోనే రాస్తాము. గిన్నె తీసే పని ఇప్పుడు అత్తయ్యది. ఆమె 15 నిమిషాలు గడియారం చూసి లేస్తారు, మల్లి ఏమైనా వదిలేసిన రోజున మాత్రం గిన్నె ముట్టుకునే ముందు దాని పక్కన చతికిలబడి, పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూసి, పొట్ట మీద బొచ్చు పాయలు తీసి వెతికి, అప్పుడు గిన్నె తీసుకుని లోపలికి వస్తారు.